నోట్లో నువ్వుగింజ

ఎర్దెనెత్ వ్యాయామశాలలో
బాస్కెట్‌బాల్ గీతల మీద ముప్పై రెండు బల్లలు.
బయట మైనస్ పదిహేనులో మార్చి నెల.
లోపల వేడినీటి గొట్టాల మీద
ఆరబెట్టిన చిన్న చిన్న చేతితొడుగులు, జతలు తప్పి.

పన్నెండేళ్ల లోపు పిల్లల పోటీ. ఏడో రౌండు.
నేను మధ్యవర్తిని.
మిగతా ఏడాదంతా రాగి గనిలో లారీల ఇంజన్లు విప్పుతాను,
ఈ నాలుగు రోజులు మాత్రం
నల్లకోటు తొడుక్కుని, మెత్తని బూట్లేసుకుని
పిల్లల వెనక పిల్లిలా తిరుగుతాను.

తొమ్మిదో బల్ల.
మిషేల్. పేరుకి అర్థం చిరునవ్వు,
పొద్దుట్నుంచీ ఆ మొహంలో దాని జాడ లేదు.
తివాచీ ఫ్యాక్టరీ క్వార్టర్స్ పిల్ల.
ఇన్ని గుర్రాలున్న దేశంలో
లిఫ్టు తప్ప ఇంకేదీ ఎక్కి ఎరగదు.
ఎదురుగా బాత్‌సూరి, పదేళ్లు,
ఎత్తు చాలక కుర్చీలో మోకాళ్ల మీద కూర్చుని
కింది పెదవి నమిలేస్తున్నాడు.

మంత్రులు ఎప్పుడో పోయారు.
వాడి ఒంటె వాడి బంట్ల వెనకే ఇరుక్కుపోయింది.
మూల గదిలో నల్లరాజు.
ఏడో వరసలో తెల్ల ఏనుగు.
నడిమధ్య తెల్ల గుర్రం, దాని చెవి విరిగితే
ఎవరో జిగురు పెట్టి అంటించారు.

అప్పుడు చూశాను.

గుర్రం ఒక్క గెంతు,
తర్వాత ఏనుగు ఆ చివరికంటా.
అంతే. ఆటకట్టు.
వాడికి తెలీదు. ఆ పిల్లకీ తెలీదు.
ఇంతమంది ఊపిరి తీస్తున్న గదిలో
తెలిసింది నా ఒక్కడికి.

నీ నోట్లో నువ్వుగింజ నానదంటుంది మా ఆవిడ.
నిజమే.
కానీ ఇక్కడ దగ్గినా మాటే,
కనుబొమ్మ లేచినా మాటే,
ఒక బల్ల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డా మాటే.
అందుకని పదో బల్ల వైపు తిరిగాను.
అక్కడ ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

మళ్లీ చూసేసరికి
ఆ పిల్ల చెయ్యి గుర్రం మీద ఉంది.
మీద అంటే తాకలేదు,
బెత్తెడు పైన ఆగింది,
బకెట్లో నీళ్లు ఎంత కాగాయో చూస్తున్నట్టు.
గోళ్లకి నీలం రంగు, సగం కొరికేసింది.
గడియారంలో నలభై సెకన్లు.
ముప్పై ఎనిమిది.
పెట్టు తల్లీ,
అన్నాయి మెత్తని బూట్లలో నా కాలివేళ్లు.

చెయ్యి వెనక్కి వెళ్లి
ఒళ్లో పడుకుంది.

"డ్రా?" అన్నాడు వాడు,
పక్కింట్లో ఉప్పు అడిగినట్టు.
ఆ పిల్ల నావైపు చూసింది.
నియమం ఏదో అడగబోతోందనుకున్నాను.
లేదు. గోడని చూసినట్టు చూసింది.
గోడనే అయ్యాను.

చేతులు కలిపారు.
రాజులిద్దర్నీ బల్ల నడిమికి తెచ్చి
పక్కపక్కన నిలబెట్టారు.

కాగితాల మీద సంతకాలు తీసుకుని వసారాలోకి వెళ్తే
మెట్ల మీద ఇద్దరూ.
ఎండబెట్టిన పెరుగుగడ్డని వాడు దవడపళ్లతో విరిచి
సగం ఆ పిల్లకిచ్చాడు.
అది రాయిలా ఉందని నవ్వింది మిషేల్,
ముందుపన్ను లేని నవ్వు.

ఇప్పుడు చెప్పొచ్చు. ఏ నియమమూ అడ్డురాదు.
నోరు తెరిచాను కూడా.
ఆ నవ్వు మీద ఆ ఎత్తు వెయ్యడానికి
మనసు రాలేదు.
"మంచుంది, మెట్లు జారతాయి, జాగ్రత్త" అన్నాను.

రాత్రి వంటింటి బల్ల మీద పావులు పేర్చుకున్నాను.
మా ఆవిడ ఉప్పుటీ తెచ్చి పక్కన పెట్టింది.
ముప్పయ్యేళ్లు తివాచీలు నేసిన మనిషి,
తప్పిన పోగు ఆమె కంటికి ముందే తగులుతుంది.
వంగి, చేతులు తుడుచుకుంటూ,
"గుర్రం" అంది.

ష్, అన్నాను.
వంటింట్లో మేమిద్దరమే.